గుండె ఎత్తు

నాలుగున్నర అడుగులు.
"అదే గుండె ఎత్తు, అక్కా" అన్నాడు
ఒంగోలు నుంచి బండి మీదొచ్చిన కుర్రోడు.
చెట్టుకి గుండె ఎక్కడుంటదో నాకు తెలవదు గానీ
టేపు అక్కడే చుట్టాలంట.
కొలకర్ర పక్కన నిలబడి చూసుకుంటే
గీత నా నోటి దగ్గరకొచ్చింది.
మా ఊళ్ళో ఆడోళ్ళెవరికీ
గుండె అంత ఎత్తున లేదు.

రోజుకి మూడొందల యాభై.
ఎర్ర రంగు డబ్బా, టేపు, వాళ్ళిచ్చిన ఫోను,
తడిగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా.
నీళ్ళు కొన్నయ్యే. కనిగిరి పక్క ఊళ్ళల్లో
బోరు నీళ్ళు ఎవరు తాగాలన్నా
ముందు మా మామని చూసి తాగాల.

పడమటి గరువులో నాలుగెకరాలు మాది.
వాన పడ్డ ఏడు కంది,
పడీపడని ఏడు ఉలవ,
అసలు పడని ఏడు ఎలిశమ్మ మేకలు.
ఇప్పుడు అన్ని ఏళ్ళూ మలబారు వేపే,
ముప్పై ఏళ్ళకి రాసిచ్చాం.

వేలిముద్ర రోజున
మామ బొటనవేలు చాపుకోలేదు.
కుర్రోడే రెండు చేతుల్లోకి తీసుకుని
మెల్లిగా, ముడి విప్పినట్టు విప్పి, ఒత్తించాడు.
మంచోడే. ఆ చెయ్యిని
ఆసుపత్రిలో కూడా ఎవరూ అంత మెత్తగా పట్టుకోలేదు.

"కలప కొంటారా అబ్బయా? ఆకా?"
"కలప కాదు తాతా. చెట్టు మింగిన గాలి."
"ఎవరు వదిలిన గాలి?"
"ఎక్కడెక్కడో… విమానాలోళ్ళు, సిమెంటోళ్ళు."
"మింగి ఏం చేస్తది?"
"ఒంట్లో దాచుకుంటది. మానులో, వేర్లలో."
మామ వంగిన మెడ వంగినట్టే ఉంచి
కాసేపు నేలనడిగి చూశాడు.
"అరవై ఏళ్ళు ఈ ఊరి నీళ్ళు మింగి
ఎముకల్లో దాచినోణ్ణి నేనూ ఉన్నా.
నాకెంత కడతారు?"

అందరం నవ్వాం.
కుర్రోడు అందరికంటే ముందు ఆపేశాడు.

ఊళ్ళో దాన్ని గాలి డబ్బు అంటారు.
మొదటి కంతు పడింది, నిజం చెప్పాల,
రేకులు మార్చాం, సొసైటీ అప్పు కొంత తీర్చాం.
రెండోది చెట్టు లావెక్కాక.
అందుకే చుట్టతన్నా
ఒక్కో నడుముకీ టేపు, ఒక్కో నడుముకీ ఎర్ర గీత,
పుట్టినాక నా నడుం కొలిచి
రవిక కుట్టించుకున్నది రెండు మాట్లే.

చెట్టు లేని గుంత దగ్గర ఫోను ఆగి అడుగుద్ది:
కారణం?
పశువులు. మంట. చెదలు. ఇతరములు.
ఎండ అని లేదు.
నీళ్ళ ట్యాంకరు రెండు నెలలు రాలేదని లేదు.
నలభై గుంతలకి 'పశువులు' నొక్కాను,
నిజంగా తిన్నయ్ పదకొండే.
మర్నాడు కంచె పడింది.
ఎలిశమ్మ మేకల్ని పామూరు సంతకి తోలుకుపోయి
తాళ్ళు ఒక్కటే చేత పట్టుకునొచ్చింది.
నా ఎదురుగానే నడిచొచ్చింది,
ఎవరో అనుకున్నట్టు దాటిపోయింది.

రెండొందల పద్నాలుగో చెట్టు నీడన
మామ కూచుంటాడు, సద్దన్నం నాకు తెచ్చి.
నిరుడు గీత ఆయన కనుబొమల కాడుండేది.
ఈ ఏడు లేపి నిలబెడితే
తలపాగా మీదుగా పోయింది.
"పెరిగింది గదమ్మే చెట్టు!" అన్నాడు.
గీత పెరగదు మామా,
అది ఎప్పుడూ నాలుగున్నరే,
అని నేను అనలేదు.
టేపు చుట్టాను. పదకొండు అంగుళాలు.

చేలో సిగ్నలు ఉండదు.
పొద్దు గూకేలోపు గుట్టెక్కి
ఫోను పైకెత్తి పట్టుకోవాల.
ఆరొందల చెట్లు, నలభై గుంతలు,
ఒకటే గుండ్రం తిరుగుతా తిరుగుతా ఉంటది.
చెయ్యి లాగేస్తది.
కంచెకవతల తాళ్ళు లేని గూటాలు.
పడమటి గాలి
ఊరికే కొడతా ఉంది.